ఆషాఢ గాలికి విండ్‌సర్ఫింగ్: సీమ జలాశయాల్లో బోర్డు ఎక్కేవాళ్ళకు సమగ్ర మార్గదర్శి

ఆషాఢం వచ్చిందంటే జమ్మలమడుగు, కొండాపురం, తాడిపత్రి ప్రాంతంలో గాలికి కొదవ ఉండదు. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమల్లోనే వాన దించుకుని వస్తాయి కాబట్టి, మన సీమకు చేరేసరికి మిగిలేది ఎక్కువగా గాలే. రామగిరి కొండల మీద గాలిమరలు వెలిసింది ఈ గాలిని నమ్ముకునే. ఇటు నీళ్ళకూ ఇప్పుడు లోటు లేదు. గండికోట జలాశయం నిండితే 26.85 టీఎంసీలు. దాని దిగువనే మైలవరం ఉంది. అవుకు, చిత్రావతి, శ్రీశైలం వెనక జలాలు సరేసరి. ఇంత గాలి, ఇంత నీళ్ళు పక్కపక్కనే పెట్టుకుని విండ్‌సర్ఫింగ్ కోసం, అంటే తెరచాప బిగించిన బోర్డు మీద నిలబడి గాలికి నీళ్ళ మీద సాగే ఆట కోసం, గోవా దాకా పోవాలా అని అడిగే కుర్రవాళ్ళు పెరుగుతున్నారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

ముందు ఒక మ్యాప్ తెరిచి చూడండి. పెన్న మన దగ్గర స్థూలంగా పడమర నుంచి తూర్పుకు పారుతుంది. అందుకే గండికోటకైనా మైలవరానికైనా ఆనకట్ట తూర్పు వైపు కొసన ఉంటుంది. ఆషాఢ గాలి వీచేది కూడా పడమర నుంచి తూర్పుకే. ఈ రెండు సంగతులూ కలిపి ఆలోచించండి. నీళ్ళ మధ్యలో తాడు తెగినా, మాస్ట్ (తెరచాపను నిలబెట్టే స్తంభం) విరిగినా, చేతుల్లో సత్తువ అయిపోయినా గాలి మిమ్మల్ని మెల్లగా నెట్టుకుపోయేది ఆనకట్ట వైపుకు, గేట్ల వైపుకు. సముద్రంలో భయం గాలి లోపలికి లాక్కుపోతుందని. జలాశయంలో భయం గాలి ఎక్కడికి చేరుస్తుందని. ఆ చోటు ఏదో బోర్డు తడవకముందే తేల్చుకోవాలి.

ఈ వ్యాసంలో గాలి వచ్చే వైపును ఎగువ అనీ, పోయే వైపును దిగువ అనీ రాస్తాను.

మొదటి మెట్టు: మీరు సిద్ధమేనా?

బలమైన గాలి నేర్చుకునే చోటు కాదు. గాలి వేగం రెట్టింపైతే తెరచాప మీద పడే బలం రెట్టింపుతో ఆగదు, నాలుగు రెట్లవుతుంది. 10 నాట్స్ గాలిలో, అంటే గంటకు సుమారు 18 కిలోమీటర్ల గాలిలో, హాయిగా నిలబడిన మనిషిని 20 నాట్స్ గాలి బొమ్మలా ఎత్తి పడేస్తుంది. ఈ లెక్క మనసుకు ఎక్కితే సగం ప్రమాదాలు తప్పుతాయి.

నా దృష్టిలో పరీక్ష ఒక్కటే. 12 నాట్స్ గాలిలో, ఎవరి సాయమూ లేకుండా, బయల్దేరిన చోటికి తిరిగి రాగలుగుతున్నారా? వరసగా కొన్నిసార్లు రాగలిగితే 15 నాట్స్‌కు పోండి. దిగువన తేలి, బోర్డు మోసుకుంటూ గట్టు వెంట నడిచి వస్తున్నంతకాలం గాలి పెంచకండి. ఒడ్డు దగ్గర నిలబడి నేరుగా బోర్డు ఎక్కడం, పడకుండా దిశ మార్చడం, నడుముకు హార్నెస్ (తెరచాప లాగుడును చేతుల బదులు ఒంటి బరువుతో మోసే పట్టీ) తగిలించి సాగడం కూడా వచ్చి ఉండాలి. లైఫ్ జాకెట్ లేకుండా ఆగకుండా 200 మీటర్లు ఈదలేనివాళ్ళు ముందు ఈత నేర్చుకోవాలి. ఇందులో మొహమాటం వద్దు.

మొదటి పాఠాలు శిక్షకుల దగ్గరే తీసుకోండి. గోవాలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వాటర్ స్పోర్ట్స్ ఉంది. హైదరాబాద్ హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్ క్లబ్బులున్నాయి. చిన్న పడవ మీద సెయిలింగ్ నేర్చుకున్నా గాలిని చదవడం అలవడుతుంది, అది విండ్‌సర్ఫింగ్‌కు పూర్తిగా పనికొస్తుంది.

రెండో మెట్టు: అనుమతి, చోటు

జలాశయం ప్రభుత్వానిది. నీళ్ళలోకి దిగే ముందు జలవనరుల శాఖ ఇంజనీరు ఆఫీసులో అడిగి అనుమతి తీసుకోండి. పర్యాటక శాఖ బోట్లు తిరిగే చోటైతే వాళ్ళకూ చెప్పండి. 2019 సెప్టెంబరులో గోదావరి మీద కచ్చులూరు దగ్గర బోటు మునిగిన తర్వాత అధికారులు నీటి మీద తిరిగే దేన్నైనా గట్టిగానే చూస్తున్నారు, చూడాలి కూడా. ఆఫీసుకు పోయినప్పుడే ఇంకో ప్రశ్న అడగండి: ఈ వారం గేట్లు ఎత్తే ఆలోచన ఉందా, కాలవకు నీళ్ళు వదులుతున్నారా, ఎత్తిపోతల పంపులు నడుస్తున్నాయా? జవాబు ‘అవును’ అయితే ఆనకట్ట, తూము, పంప్‌హౌస్ దరిదాపులకు పోయే ఆలోచనే పెట్టుకోవద్దు. మిగతా రోజుల్లో కూడా వాటికి కిలోమీటరు దూరం పాటించడం మంచిది.

ఇక ఏ గట్టు నుంచి దిగాలి? గాలి పడమరదైతే ఉత్తరపు గట్టో దక్షిణపు గట్టో ఎంచుకోండి. అప్పుడు గాలి ఒడ్డు వెంబడి అడ్డంగా వీస్తుంది. అడ్డగాలిలో పోవడం, రావడం రెండూ సులువు. పడమటి గట్టు నుంచి దిగితే గాలి వీపు వెనక నుంచి తోస్తుంది. ఒడ్డు దగ్గర నీళ్ళు అద్దంలా ఉంటాయి, ‘ఇంతేనా’ అనిపిస్తుంది. మూడు వందల మీటర్లు లోపలికి పోయాక అసలు గాలి తగులుతుంది. అప్పటికి వెనక్కి రావడమంటే మొత్తం ఎదురుగాలే. తూర్పున ఆనకట్ట ఉంటుంది కాబట్టి అటువైపు నుంచి దిగే మాటే లేదు. దాని ముఖానికి రాళ్ళు పరిచి ఉంటాయి, అలలు నేరుగా వచ్చి వాటికే కొట్టుకుంటాయి.

చోటు చూసేటప్పుడు కొండల్ని కూడా చూడాలి. ఎర్రమల కొండల చాటున నీళ్ళు నిమ్మళంగా కనిపిస్తాయి, కానీ అక్కడి గాలి నమ్మదగ్గది కాదు. కొండ మీదుగా దూకిన గాలి కింద సుడులు తిరుగుతుంది. కాసేపు ఏమీ ఉండదు, ఉన్నట్టుండి ఎటు నుంచో ఒక విసురు వస్తుంది. కొండ ఎత్తుకు కనీసం ఏడెనిమిది రెట్ల దూరం పోతే తప్ప గాలి కుదుట పడదు. గండికోట లోయ ఫొటోలు చూసి అందులో సెయిల్ (తెరచాప) ఎత్తాలని ఉబలాటపడేవాళ్ళకు నా మాట: వద్దు. రెండు వైపులా నిట్టనిలువు రాతిగోడలు. గాలి గొట్టంలో దూరినట్టు వస్తుంది. ఏదైనా జరిగితే ఎక్కడానికి గట్టే ఉండదు.

సీమ జలాశయాలకు మరో గుణం ఉంది. గాలి మంచి ఊపు మీద ఉండే జూన్, జులై నెలల్లో నీళ్ళు తక్కువగా ఉంటాయి. శ్రీశైలానికి వరద వచ్చి, పోతిరెడ్డిపాడు నుంచి కాలవల్లో నీళ్ళు వదిలి, అవి అవుకు మీదుగా గండికోటకు చేరేసరికి చాలా ఏళ్ళు ఆగస్టు దాటుతుంది. అంటే మీరు సెయిల్ ఎత్తే రోజుల్లోనే నీటి కింద మునిగినవన్నీ పైకి దగ్గరగా వస్తాయి. గండికోట నీళ్ళ కింద తాళ్ళప్రొద్దుటూరు లాంటి ఊళ్ళున్నాయి. మొండిగోడలు, కరెంటు స్తంభాలు, తుమ్మ మోళ్ళు, బావుల గట్లు అడుగు లోతులో దాగి ఉండొచ్చు. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతున్న బోర్డు ఫిన్ (అడుగున ఉండే రెక్క) తుమ్మ మోడుకు తగిలితే బోర్డు అక్కడే ఆగిపోతుంది, మనిషి ఆగడు. శ్రీశైలం వెనక జలాల్లో సంగమేశ్వరం గుడి ఎండాకాలంలో బయటపడి వానాకాలంలో మునుగుతుంది. ఆ నీటిమట్టం ఎంత మారుతుందో దాన్నిబట్టే తెలుస్తుంది. పోయినసారి శుభ్రంగా ఉన్న దారి ఈసారి అలాగే ఉంటుందని లెక్క వేసుకోవద్దు.

ఇవన్నీ చెప్పగలిగేది అక్కడ వల వేసే చేపలవాళ్ళు. పుట్టి ఎక్కి రోజూ తిరిగేది వాళ్ళే. వల ఎక్కడ కట్టారో, మోళ్ళు ఎక్కడున్నాయో, శ్రీశైలం వైపైతే మొసలి ఏ రేవులో కనబడిందో వాళ్ళకే తెలుసు. థర్మాకోల్ ముక్కలు, ఖాళీ ప్లాస్టిక్ సీసాలు వరసగా తేలుతుంటే కింద వల ఉన్నట్టే. దాని మీదుగా పోవద్దు. ఫిన్‌కు చుట్టుకుంటే మీకు ప్రమాదం, వాళ్ళకు నష్టం.

మూడో మెట్టు: గాలిని చదవడం

ముందురోజు రాత్రి ఫోన్‌లో విండీ, విండ్‌గురు లాంటి యాప్‌లు చూడండి. రెండు అంకెలుంటాయి: సగటు గాలి, విసురు. ఎక్కువమంది సగటే చూస్తారు. నేనైతే ముందు విసురే చూస్తాను. సగటు 16, విసురు 20 అంటే మంచి రోజు. సగటు 14, విసురు 28 అంటే ఒడ్డునే కూర్చోవాల్సిన రోజు. సామాను ఏ గాలికి తగినది తెచ్చుకోవాలో తెలియని గాలి అది.

తెల్లారి ఒడ్డుకు వచ్చాక యాప్ మూసి కళ్ళు తెరవండి. నీటి మీద అక్కడక్కడా తెల్లని నురగ లేస్తుంటే 11 నుంచి 16 నాట్స్ మధ్య ఉందని అర్థం. ఎటు చూసినా నురగే అయితే 17 దాటింది. అలల మీద నుంచి తుంపర ఎగిరి ముఖాన కొడుతుంటే 22 పైమాటే. అప్పుడు అనుభవం బాగా ఉన్నవాళ్ళు తప్ప దిగకూడదు. కనీసం ఇరవై నిమిషాలు కదలకుండా చూడండి. ఎగువ నుంచి నల్లని మచ్చలు నీటి మీద పరిగెత్తుకుంటూ వస్తాయి. ఒక్కో మచ్చ ఒక్కో విసురు. అది మీ దగ్గరికి చేరేసరికి మీ చొక్కా ఎంత రెపరెపలాడిందో గమనించండి. ఆ మచ్చల్ని ఒడ్డున గుర్తుపట్టగలిగితే నీళ్ళ మీద నాలుగైదు సెకన్లు ముందే సిద్ధపడగలరు.

ఏప్రిల్, మే నెలల గాలివాన సంగతి వేరు. పొద్దంతా ఉక్కపోత. మధ్యాహ్నం మూడు దాటాక దూరాన నల్లటి మబ్బు గోపురంలా లేస్తుంది. ఉన్న కాస్త గాలీ చటుక్కున పడిపోతుంది. తర్వాత పొలాల మీద ఎర్రటి దుమ్ము గోడ లేచి మీ వైపు నడిచి వస్తుంది. దాని ముందు వచ్చే చల్లగాలి ఏ దిక్కు నుంచైనా రావచ్చు, నిమిషంలో 35, 40 నాట్స్ అందుకోవచ్చు. ఆ రోజుల్లో ఉదయం పదకొండుకల్లా బోర్డు కారు మీద కట్టేసి ఉండాలి. ఆషాఢ గాలి రోజంతా ఒకే దిక్కు నుంచి వస్తుంది, దాన్ని నమ్మొచ్చు. గాలివానను నమ్మే పని లేదు.

నాలుగో మెట్టు: సామాను

సెయిల్ సైజుకు ఒక రఫ్ లెక్క ఉంది. మీ బరువును 1.4తో గుణించి, గాలి ఎన్ని నాట్స్ ఉందో దానితో భాగించండి. 70 కిలోల మనిషికి 15 నాట్స్‌లో ఆరున్నర చదరపు మీటర్ల సెయిల్, 20లో సుమారు 5, 25లో 4. రెండు సైజుల మధ్య సందేహం వస్తే చిన్నదే తీయండి. చిన్న సెయిల్‌తో మెల్లగా పోతారు, పెద్ద సెయిల్‌తో అసలు పోలేరు.

బోర్డు విషయానికొస్తే, లీటర్లలో చెప్పే దాని పరిమాణం మీ బరువుకు కనీసం 30, 40 ఎక్కువ ఉండాలి. 70 కిలోలవాళ్ళకు 100 నుంచి 110 లీటర్లు. గాలి పడిపోయినా అలాంటి బోర్డు మిమ్మల్ని మోస్తుంది.

లైఫ్ జాకెట్ 50 న్యూటన్లది (అది మనిషిని తేల్చే బలం కొలత), ఒంటికి బిగువుగా ఉండేది, హార్నెస్ హుక్కుకు అడ్డం రానిది తీసుకోండి. బోటింగ్ దగ్గర ఇచ్చే పెద్ద నారింజ జాకెట్‌తో బోర్డు ఎక్కలేరు. హెల్మెట్ తప్పనిసరి. కాళ్ళకు రబ్బరు అడుగున్న బూట్లు వేసుకోండి, మన గట్ల మీద రాళ్ళు, తుమ్మ ముళ్ళు రెండూ ఉంటాయి. పొడుగు చేతుల లైక్రా చొక్కా ఎండ నుంచి కాపాడుతుంది. ఈల, నీళ్ళు దూరని సంచిలో ఫోన్, మూడు మీటర్ల సన్నని గట్టి తాడు, హార్నెస్‌కు చిన్న హుక్కు కత్తి ఉండాలి. తాడో వలో చుట్టుకుంటే ఆ కత్తే దిక్కు. రెండు లీటర్ల నీళ్ళు ఒడ్డున పెట్టుకుని గంటకోసారి వచ్చి తాగండి. గాలిలో చెమట తెలియదు, దాహం తెలిసేసరికి చేతులు పట్టు తప్పుతుంటాయి.

ఒక చిన్న ముక్కను మాత్రం దగ్గరగా చూడండి. మాస్ట్‌ను బోర్డుకు కలిపే చోట గుప్పెడంత రబ్బరు కీలు ఉంటుంది. సెయిల్ మొత్తం నిలబడేది దాని మీదే. మన ఎండకు ఆ రబ్బరు త్వరగా గట్టిపడుతుంది. దాన్ని రెండు చేతులతో ఒక పక్కకు పూర్తిగా వంచి, వంపు బయటి వైపు వేలితో తడమండి. వెంట్రుక మందం చీలిక కనిపించినా, తెల్లగా పాలిపోయిన గీత ఉన్నా పక్కన పడేయండి. నీళ్ళ మధ్యలో అది తెగితే సెయిల్ ఒకవైపు, బోర్డు ఒకవైపు పోతాయి. కీలు తెగినా రెండిటినీ పట్టి ఉంచే సేఫ్టీ పట్టీ దాని పక్కనే ఉందో లేదో చూసుకోండి.

ఇంకొకటి. చాలా బోర్డులకు పైన లోపలి గాలిని వదిలే చిన్న స్క్రూ ఉంటుంది. కడప ఎండలో కారు మీద బోర్డు కాలిపోతుంటే లోపలి గాలి వ్యాకోచించి పొరలు విడిపోవచ్చు. అందుకే రవాణాలో దాన్ని వదులు చేయమంటారు. నీళ్ళలోకి దిగే ముందు తిరిగి బిగించడం మరిచిపోతే బోర్డులోకి నీళ్ళు చేరతాయి.

ఐదో మెట్టు: సెయిల్ బిగించడం

బలమైన గాలికి సెయిల్ చదునుగా ఉండాలి. మాస్ట్ అడుగున కిందికి లాగే తాడును బాగా లాగండి. ఎంత అంటే, సెయిల్ పైభాగంలో వెనక అంచు వదులుగా వేలాడి రెపరెపలాడాలి. చూడ్డానికి సరిగా బిగించనట్టు కనిపిస్తుంది, కానీ అదే సరైనది. పెద్ద విసురు వచ్చినప్పుడు ఆ వదులు అంచు తెరుచుకుని అదనపు గాలిని వదిలేస్తుంది. తర్వాత బూమ్ (చేతులతో పట్టుకునే అడ్డ గొట్టం) చివర తాడును రెండు మూడు సెంటీమీటర్లు అదనంగా లాగి సెయిల్ పొట్ట తగ్గించండి. బూమ్ భుజం ఎత్తులో ఉంటే చాలు.

గట్టు మీద ఖాళీగా పడుకోబెట్టిన సెయిల్‌ను గాలి ఎత్తుకుపోతుంది. మాస్ట్‌ను ఎగువ వైపు ఉంచి, పైన బోర్డు పెట్టండి. పక్కన పిల్లలు చూడ్డానికి మూగుతారు, వాళ్ళను దూరంగా నిలబెట్టండి.

ఆరో మెట్టు: ఒడ్డున ఒక మనిషి

ఒంటరిగా దిగవద్దు. తోడు సర్ఫర్ లేకపోతే ఒడ్డున ఫోన్ ఉన్న మనిషి, దగ్గర్లో పుట్టి గానీ మోటారు బోటు గానీ ఉన్న చేపలాయన ఉండాలి. మాట స్పష్టంగా ఉండాలి: “అన్నా, ఈ రేవు నుంచి ఆ రెండు చింతచెట్ల దాకా తిరుగుతా. నాలుగున్నరకు బయటికొస్తా. ఐదైనా రాలేదంటే నువ్వు బోటు తీయాల.” ఆయన ఏమంటాడో కూడా వినండి. “పొద్దు వాలితే గాలి పడిపోతాది నాయనా, అంత దూరం పోవద్దు” అన్నాడంటే అది వాతావరణ సూచనే. గాలి పడిపోవడం కూడా ప్రమాదమే. చిన్న సెయిల్‌తో రెండు కిలోమీటర్ల దూరాన మిగిలిపోయి చీకటి పడితే ఎవరికీ కనబడరు.

ఆపద సంకేతం కూడా ముందే నేర్పండి. రెండు చేతులూ పక్కలకు చాచి, మెల్లగా పైకీ కిందికీ ఆడించడం అంతర్జాతీయంగా ఒప్పుకున్న సంకేతం. ఒక చెయ్యి ఊపితే మన వాళ్ళు టాటా చెబుతున్నామనుకుని తిరిగి చెయ్యి ఊపుతారు. 112, 108 నంబర్లు, ఇంజనీరు ఆఫీసు నంబరు ఆయన ఫోన్‌లో వేసి ఇవ్వండి.

ఏడో మెట్టు: నీళ్ళ మీద

మొదటి పది నిమిషాలు ఎగువకే పోండి. ఒడ్డుకు రెండు మూడు వందల మీటర్లు దాటకుండా అటూ ఇటూ తిరుగుతూ, ప్రతి మలుపులో బయల్దేరిన రేవు మీకు దిగువన ఉండేలా చూసుకోండి. అలా సంపాదించుకున్న ఎగువ మీ బ్యాంకులో డబ్బు. అలిసినప్పుడు దాన్ని ఖర్చు చేసుకుంటూ దిగిరావచ్చు. గట్టు మీద ఒక చెట్టునో గుడినో గురుతు పెట్టుకుని, అది ఎగువకు జరుగుతున్నట్టు అనిపిస్తే మీరు దిగువకు కొట్టుకుపోతున్నట్టే. వెంటనే ఆట ఆపి ఎగువకు మళ్ళండి.

బోర్డు మీద నిలబడే తీరు మారాలి. తేలికపాటి గాలిలో నిటారుగా ఉండొచ్చు. బలమైన గాలిలో చేతులు చాచి, మోకాళ్ళు కాస్త వంచి, పిరుదులు నీటి వైపు దించి, బరువంతా హార్నెస్‌కు అప్పగించండి. చేతులతో లాగితే పావుగంటలో ముంజేతులు కట్టెలవుతాయి. చూపు బోర్డు మీద కాదు, ఎగువ నుంచి వచ్చే నల్లని మచ్చల మీద ఉండాలి.

మచ్చ వచ్చి తగిలే క్షణంలో వెనక చెయ్యి కాస్త వదులు చేయండి. సెయిల్ తెరుచుకుని బలం తగ్గుతుంది. దానితో పాటు బోర్డు ముక్కును కొద్దిగా గాలికి ఎదురుగా తిప్పండి. చాలామంది భయంతో దీనికి వ్యతిరేకం చేస్తారు: సెయిల్ దగ్గరికి లాక్కుని దిగువకు తిరుగుతారు. దాంతో వేగం ఇంకా పెరిగి ముందుకు ఎగిరి పడతారు. అలా ఎగిరేటప్పుడు బూమ్ మాత్రం వదలకండి. పట్టుకుని ఉంటే సెయిల్‌తో పాటు నీళ్ళలో పడతారు. వదిలేస్తే మనిషి ముందుకు పోయి మాస్ట్‌కో బోర్డు ముక్కుకో తల తగులుతుంది.

విసురు విసురుకూ బోర్డు ముక్కు లేచి ఎగురుతుంటే ఒడ్డుకు వచ్చి మాస్ట్ అడుగును రెండు సెంటీమీటర్లు ముందుకు జరపండి, బూమ్ కాస్త దించండి, కింది తాడు ఇంకా లాగండి. అయినా ఆగకపోతే సెయిల్ మార్చండి. అదీ కాకపోతే ఆ రోజు సర్దుకోండి.

ఎనిమిదో మెట్టు: పడ్డాక లేవడం

సెయిల్ కింద పడితే కంగారు వద్దు. ఒక చెయ్యి పైకెత్తి సెయిల్‌ను నెట్టండి, ఊపిరికి చోటు దొరుకుతుంది. హార్నెస్ హుక్కు విడిపించుకుని, ఒకే దిక్కుగా చేతులు ఆడిస్తూ అంచు దాటండి. కింద తిరుగుతూ దారి వెతకవద్దు.

బలమైన గాలిలో తాడు పట్టి సెయిల్ లాగి లేపడం నడుము విరిచే పని. అందుకే నీళ్ళలో నుంచే లేవడం నేర్చుకుని తీరాలి. ముందు ఈదుతూ మాస్ట్ ఎగువ వైపుకు వచ్చేలా, గాలికి అడ్డంగా ఉండేలా తిప్పండి. మాస్ట్‌ను బూమ్‌కు పైన పట్టుకుని, ఎగువకు లాగుతూ నీటి మీదికి ఎత్తండి. సెయిల్ మీద నిలిచిన నీళ్ళు జారిపోతూ బరువుగా ఉంటుంది. ఒక్కసారి దాని కిందికి చెయ్యెడు గాలి దూరిందా, సెయిల్ తనే లేస్తుంది. అప్పుడు రెండు చేతులూ బూమ్ మీదికి తెచ్చి, వెనక పాదాన్ని బోర్డు మీద, పాదం దూర్చుకునే వెనక పట్టీ దగ్గర పెట్టండి. చేతులు పైకి చాచి సెయిల్‌ను ఎంత ఎత్తుకు వీలైతే అంత ఎత్తుకు పట్టండి. గాలే మిమ్మల్ని పైకి తీస్తుంది. మొదట 12, 13 నాట్స్‌లో, నడుము లోతు నీళ్ళలో, ఇసుక అడుగున్న చోట దీన్ని సాధన చేయండి.

మూడుసార్లు ప్రయత్నించినా లేవలేకపోతే నాలుగోసారికి తొందరపడొద్దు. బోర్డు మీద పడుకుని రెండు నిమిషాలు ఊపిరి తీసుకోండి. గాలి మిమ్మల్ని ఎటు తీసుకుపోతోందో, ఆనకట్ట ఎంత దూరం ఉందో అప్పుడే చూసుకోండి.

తొమ్మిదో మెట్టు: ఉరుము వినబడితే

మెరుపు కనిపించాక 30 సెకన్లలోపు ఉరుము వినబడితే పిడుగు పడే మబ్బు 10 కిలోమీటర్లలోపే ఉంది. వెంటనే దగ్గర్లో ఉన్న గట్టుకు చేరండి, అది మీ రేవు కానక్కరలేదు. కార్బన్ మాస్ట్ విద్యుత్తును మోస్తుంది, ఆ నీటి మీద అన్నిటికంటే ఎత్తైనది అదే. గట్టెక్కాక మాస్ట్‌కు దూరంగా కారులోనో పక్కా ఇంట్లోనో ఉండండి. ఒంటి చెట్టు కింద మాత్రం నిలబడొద్దు. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. పిడుగు హెచ్చరికలకు దామిని యాప్ ఫోన్‌లో ఉంచుకోండి.

పదో మెట్టు: తిరిగి రాలేనప్పుడు

మొదటి నియమం: బోర్డు వదలకూడదు. గట్టు దగ్గరగా కనిపిస్తుంది, ఈదేయొచ్చనిపిస్తుంది. నీటి మీద దూరం ఎప్పుడూ మోసం చేస్తుంది. నీళ్ళలో ఒక తల వెతికేవాళ్ళకు కనబడదు, రంగు సెయిల్ ఉన్న బోర్డు కనబడుతుంది.

సెయిల్ బాగానే ఉండి చేతులు మాత్రం అలిసిపోతే, సెయిల్‌ను బోర్డు వెనక భాగం మీద బూమ్ ఆనేలా పడుకోబెట్టి, దాని ముందు బోర్డు మీద బోర్లా పడుకుని చేతులతో తెడ్డేయండి. ఎదురుగాలికి కాకుండా గాలికి అడ్డంగా, పక్క గట్టు వైపు పోవాలి. మీరు ఉత్తరపు గట్టు నుంచి దిగినవాళ్ళయితే గాలి తూర్పుకు నెడుతున్నా మీరు ఉత్తరానికే తెడ్డేస్తూ ఉండండి. రెండు బలాలూ కలిసి మిమ్మల్ని ఈశాన్యంలో ఎక్కడో గట్టుకు చేరుస్తాయి. ఆనకట్ట చేరేలోపు గట్టు దొరకడమే ముఖ్యం. రేవు దాటిపోయామని బాధపడొద్దు.

గాలి మరీ ఎక్కువై సెయిల్ అడ్డమవుతుంటే విప్పాలి. బోర్డు మీద కూర్చుని ముందు బూమ్ చివర తాడు వదలండి. బ్యాటెన్ల (సెయిల్‌లో అడ్డంగా ఉండే బద్దల) వెంట సెయిల్‌ను మాస్ట్ వైపుకు చుట్టి, ఆ తాడుతోనే కట్టేయండి. బూమ్‌ను మాస్ట్‌కు ఆనేలా మడవండి. ఈ కట్టను బోర్డు మీద నిలువుగా పెట్టుకుని, దాని మీద పడుకుని తెడ్డేయండి. ఇది ఒడ్డున, తర్వాత లోతు తక్కువ నీళ్ళలో సాధన చేసి ఉండాలి. తడి తాడు ముడి విప్పడం ఎంత కష్టమో అలల మధ్య మొదటిసారి తెలుసుకోవడం మంచిది కాదు. ఎంత చేసినా గేట్ల వైపుకే పోతుంటే సెయిల్, మాస్ట్ వదిలేసి ఖాళీ బోర్డుతో పక్కకు తెడ్డేయండి. ఆ సామాను లక్ష రూపాయలదైనా సరే.

ఈల ఊదండి, చేతుల సంకేతం ఇవ్వండి, వీలైతే ఫోన్ చేయండి. పుట్టి వస్తే దాన్ని పట్టుకుని ఎక్కబోకండి, గుండ్రటి పుట్టి ఒక పక్క బరువుకు తిరగబడుతుంది. మీ దగ్గరున్న తాడు బోర్డు మీద మాస్ట్ అడుగుకు కట్టి రెండో కొస వాళ్ళకివ్వండి. సెయిల్ కట్ట మీద మీరు పడుకుంటే వాళ్ళు లాగుతారు. మోటారు బోటైతే దిగువ వైపు నుంచి మెల్లగా రమ్మనండి. మీ దగ్గరికొచ్చాక ఇంజన్ ఆపాలి.

ఎక్కడో ఆనకట్టకు ఇవతల రాళ్ళ గట్టుకే చేరాల్సి వస్తే, నిలబడి దిగొద్దు. అలకు బోర్డు మీ కాళ్ళకు కొట్టుకోకుండా దాన్ని మీకు పక్కన పట్టుకుని, కాళ్ళు ముందుకు చాచి, బూట్లతో రాయిని తాకండి. అల వెనక్కి పోయే సందులో పైకి పాకండి. పాచి పట్టిన రాళ్ళు సబ్బులా జారతాయి, చేతులూ కాళ్ళూ రెండూ వాడండి.

గట్టెక్కిన వెంటనే, సామాను చూసుకోవడానికి ముందే, ఒడ్డున మీకోసం చూస్తున్న మనిషికి ఫోన్ చేయండి. ఫోన్ తడిసిపోతే దారిన పోయేవాళ్ళనడిగి చేయండి. ఐదు దాటితే ఆయన బోటు తీస్తాడు, 112కు చెబుతాడు, ఆ గాలిలో మీకోసం ఇంకో ఇద్దరు నీళ్ళ మీదికి వస్తారు. వాళ్ళు బయల్దేరకముందే మీ గొంతు ఆయనకు వినబడాలి.